రెండో మనిషి

అడవి లోపలి నుంచి నలుగురు మనుషులు ఒక దుప్పటిని మోసుకుంటూ వచ్చి గేటు దగ్గర ఆగారు. గేటు కర్ర దించి ఉంది. దాన్ని బిగించి పట్టుకున్న తాడు నత్త చేతిలో ఉంది.

నత్త అతని అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. ఆ పులుల అడవిలో పదకొండేళ్లుగా ట్రాకరు పని చేస్తున్నాడు. పులి అడుగు కనిపిస్తే గొంతుక్కూర్చుని, తల అటు వంచి ఇటు వంచి, అది ఆడదో మగదో, నిన్న నడిచిందో పొద్దున నడిచిందో తేల్చుకుంటే గానీ లేవడు. అందుకే తోటివాళ్లు ఆ పేరు పెట్టారు. కానీ ఆ రోజు అతనికి జాడలు చూసే పని లేదు. రాజధాని నుంచి పెద్ద అతిథులు వస్తున్నారనీ, గేటు దగ్గర సెల్యూట్ కొట్టడానికి ఓపికైన మనిషి కావాలనీ రేంజరు పొద్దున్నే అతన్ని అడవి దారిలోంచి వెనక్కి పిలిపించి, ఇస్త్రీ చొక్కా తొడిగించి, ఆ తాడు చేతికిచ్చాడు.

"గేటెత్తు" అన్నాడు దుప్పటి ముందు కొస పట్టుకున్న ముసలి ట్రాకరు.

నత్త తాడు వదలబోయాడు. బీట్ ఆఫీసరు వెనకనుంచి వచ్చి అతని మణికట్టు పట్టుకున్నాడు. ఆరు సఫారీ జీపులు లోపలికి వెళ్లాలి, అవి వెళ్లేదాకా ఆగాలి, అతిథుల కంట ఇలాంటివి పడకూడదు, షెడ్డు వెనక్కి తీసుకుపోండి అని గబగబా చెప్పాడు. మోసినవాళ్లు కదల్లేదు. మూడు గంటలు మోసిన బరువు మళ్లీ వెనక్కి తిప్పే శక్తి వాళ్లకి లేదు. దుప్పటిని దారి పక్కన ఎండలోనే దించి, జీపుల వైపు వీపులు పెట్టి అడ్డంగా నిలబడ్డారు.

జీపులు వచ్చాయి. నత్త తాడు వదిలాడు, కర్ర లేచింది, సెల్యూట్ కొట్టాడు. రెండో జీపు, మూడో జీపు. ఒక అతిథి నవ్వుతూ అతని ఫొటో తీసుకుంది. ఆరో జీపుకి చెయ్యి నుదుటి దాకా లేపి ఉండగా దుప్పటి అంచు గాలికి తొలగి ఒక పాదం బయటపడింది. పాదాలు చదవడమే తిండి పెట్టే పని అయినవాడికి మొహం చూపించనవసరం లేదు. ఎడమ కాలి చిటికెన వేలు పక్క వేలు మీదికెక్కి ఉంది. అది అతని బావ కాలు. చెల్లెలి మొగుడు. పదకొండేళ్లుగా అడవిలో అతనికి జంట.

చెయ్యి నుదుటి దగ్గరే ఉండిపోయింది. దాన్ని దించాలని కూడా తోచలేదు.

అడవిలో ట్రాకర్లు ఎప్పుడూ ఇద్దరిద్దరే నడుస్తారు. ఏ చట్టంలో రాసి ఉందో తెలియదు గానీ, ట్రాకర్లకి అంతకు మించిన చట్టం లేదు. ఒకడి కళ్లు నేల మీద ఉంటాయి, వాడు జాడ చూస్తాడు. రెండో మనిషి కళ్లు ముందు ఉంటాయి, వాడు పొదలు చూస్తాడు. పులి మీద వాళ్లకి పగ లేదు. పిల్లల తల్లి అయినా సరే, ఎదురైతే ఇద్దరూ కలిసి గట్టిగా మాట్లాడుతూ వెనక్కి నడిస్తే దాని దారిన అది పోతుంది. ఒంటరిగా వెళ్లినవాడు నేల చూస్తే ముందు చూడలేడు, ముందు చూస్తే నేల చూడలేడు. ఆ పొద్దున రెండో మనిషిని గేటుకి పంపేసి మొదటి మనిషిని ఒక్కడినే లోపలికి తోలింది రేంజరు. పని ఆగకూడదన్నాడు.

ఇప్పుడు అదే రేంజరు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చి, శవం వైపు ఒకసారి చూసి, పక్కనే ఉన్న సంచీని బూటుతో కదిపాడు. బీట్ ఆఫీసరు దాన్ని బోర్లించాడు. నీళ్ల సీసా, చపాతీల మూట, మూడు తీగ ఉచ్చులు కింద పడ్డాయి.

రేంజరు ఉచ్చుల్ని చూశాడు. వాటిని చూసినప్పుడు అతని మొహం తేలికపడటం నత్త కళ్లారా చూశాడు.

"వేటకెళ్లాడన్నమాట" అన్నాడు రేంజరు. "ఇతనికి ఇవాళ డ్యూటీ లేదు. హాజరు పుస్తకంలో పేరు కూడా లేదు. అనుమతి లేకుండా లోపలికి వెళ్లాడు. అలాగే రాయండి."

అడవిలో దొంగలు పెట్టిన ఉచ్చులు కనిపిస్తే తీసి సంచీలో వేసుకుని సాయంత్రం ఆఫీసులో అప్పగించడం ట్రాకరు పనుల్లో ఒక పని. ఆఫీసు వెనక గదిలో అలా అప్పగించినవి రెండు గోనెల నిండా ఉన్నాయి. వాటిలో సగం బావ తెచ్చినవే. ఆ గోనెల ముందు నిలబడి రేంజరు పత్రికలవాళ్లకి ఫొటోలు కూడా ఇచ్చుకున్నాడు. అదే తీగ చచ్చినవాడి సంచీలో దొరికేసరికి దొంగసొత్తు అయిపోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి అంత్యక్రియలు అయిపోయాయి. ట్రాకర్లుండే రేకుల ఇళ్ల వరసలో పొయ్యిలు వెలగలేదు. అడవి క్యాంపుకి వండిపెట్టే వంటక్క మాత్రం పెద్ద గిన్నెలో టీ కాచి, వంటశాల ముందు చేరిన జనానికి పోస్తూ, మధ్యమధ్యలో రేంజరు వంశాన్ని పేరుపేరునా దీవిస్తోంది. చెల్లెలు గోడకి ఆనుకుని కూర్చుంది. నర్సరీలో మొక్కల సంచుల్లో మట్టి నింపే పని ఆమెది. గోళ్లలో ఇంకా ఆ మట్టే ఉంది. ఆమె ఏడవడం ఆపేసి చాలాసేపయింది. పోయిన మనిషిని తలుచుకునే తీరిక కూడా ఇవ్వకుండా ఊరంతా వేటదొంగ అన్న ఒకటే మాట అంటోందని, ఆ మాట తన ముందు ఎవరూ అనడం లేదని ఆమెకి తెలుసు.

నత్త కాలుగాలిన పిల్లిలా వంటశాలకీ రోడ్డుకీ మధ్య తిరుగుతున్నాడు. కూర్చోమన్నా కూర్చోడు. నాలుగోసారి తిరిగివచ్చి ఆగిపోయాడు.

"కార్డుంది" అన్నాడు.

అందరూ అతని వైపు చూశారు. ఏదైనా చెప్పడానికి అతను తీసుకునే సమయం వాళ్లకి అలవాటే.

ఏ కార్డో అప్పుడు చెప్పాడు. అడవిలో చెట్లకి కెమెరాలు కట్టి ఉంటాయి, వాటి ముందు నుంచి జంతువు నడిస్తే దానంతటదే ఫొటో పడుతుంది. నెలకోసారి ట్రాకరు వెళ్లి పాత కార్డు తీసి కొత్తది పెడతాడు. పెట్టాక అది పని చేస్తోందో లేదో చూడాలి. మనిషి నిలబడి నడిస్తే లాభం లేదు, కెమెరా పులి ఎత్తుకి కట్టి ఉంటుంది. అందుకని ట్రాకరే మోకాళ్లు, చేతులు నేలకానించి పులిలా దాని ముందు నుంచి పాకుతాడు. ఎర్రదీపం మెరిస్తే ఫొటో పడినట్టు. బావ నిన్న పొద్దున వాగు దగ్గర కొత్తగా కట్టిన కెమెరాకి మొదటి కార్డు పెట్టడానికే వెళ్లాడు. ఆ కార్డులో మొదటి ఫొటో బావదే అయి ఉంటుంది. తేదీ, టైము దాని మీదే పడతాయి. వేటకెళ్లినవాడు ఆఫీసు కెమెరా ముందు పాకుతాడా?

వంటక్క గరిటె గిన్నెలో వదిలేసింది. ఆఫీసులో ఆ ఫొటోలు చూసే కంప్యూటరమ్మాయి నత్తతో ఈ మాట చాలాసార్లు చెప్పి నవ్వింది. మీ బావ పాకుతూ పాకుతూ కెమెరాకి నాలుక బయటపెడతాడు, నేను ఆ నెలంతా ఆయన ఫొటో కోసమే చూస్తుంటా, తర్వాత పనికిరాదని తీసేస్తా అనేది.

ఇప్పుడే అందరం కలిసి వెళ్లి రేంజరు ఎదురుగానే ఆ కార్డు తీయిద్దామన్నాడు ముసలి ట్రాకరు. కొందరు సరేనన్నారు. సఫారీ డ్రైవరు ఒప్పుకోలేదు. అడవిలో హారన్ కొట్టకూడదని రూలు, అందుకని ఆ లోటంతా నోటితో తీర్చుకుంటాడని అతనికి హారన్ అని పేరు. ఇంతమంది ఒక్కసారి లోపలికెళితే అడవి మూసేస్తారు, సఫారీ ఆగితే మా ఆరుగురం అడుక్కుతినాలి, పోయినవాడు ఎలాగూ తిరిగిరాడు కదా అని అంతెత్తున లేచాడు. చివరి ముక్క అన్నాక తనే తల దించుకున్నాడు. అయినా వెనక్కి తీసుకోలేదు. వాదన వాదనగానే ఉండిపోయింది.

నత్తకి ఆగే ఓపిక లేదు. తెల్లవారుతూనే బయల్దేరాడు. వీధి చివరికి వచ్చేసరికి చెల్లెలు వెనకే వస్తోంది.

వద్దన్నాడు. "ఒక్కడివే వెళ్తావా? మొన్నటి రోజు సరిపోలేదా?" అంది ఆమె.

ఇద్దరూ నడిచారు. నత్త నేల చూశాడు, ఆమె ముందు చూసింది. ఎవరూ నేర్పకుండానే ఆమె పొదల్ని ఒక్కొక్కటిగా చూస్తూ నడిచింది. వాగు ఒడ్డున ఇసుకలో జాడలన్నీ ఉన్నాయి. నత్త కూర్చుని చూశాడు. తల్లి పులి, రెండు పిల్లలు. ఇక్కడ బావ మోకాళ్లు, ఇక్కడ అరచేతులు, ఇక్కడ లేచాడు. వాగు దాటి అవతలి కెమెరా వైపు నడుస్తూ ఇక్కడ ఏదో జాడ చూడటానికి మళ్లీ కూర్చున్నాడు. తల్లి పులి ఏ వైపు నుంచి వచ్చి మీద పడిందో కూడా ఇసుకే చెబుతోంది. అటు వైపు చూడటానికి ఉండవలసిన మనిషి ఆ వేళకి ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. నత్త ఇసుకలో చెయ్యి పెట్టి ఏడ్చాడు. చెల్లెలు ఏడవలేదు, ఏం జరిగిందో మొత్తం చెప్పించుకుంది. ఏదీ దాచొద్దని ఒట్టు పెట్టించుకుని మరీ చెప్పించుకుంది.

కెమెరా తెరిచి కార్డు తీసి, కవరులో పెట్టి, జేబులో వేసుకున్నాడు. వేలి గోరంత ముక్క. తిరిగి వచ్చే దారంతా దాన్ని తడుముతూనే ఉన్నాడు.

ఇక ఇక్కడ నత్త చేసిన పని విని చాలామంది తలలు బాదుకున్నారు. మీరూ బాదుకుంటారు. కానీ ఒక్కసారి ఆలోచించండి. అడవిలోంచి వచ్చే దారి ఆఫీసు కిటికీ పక్కనుంచే వస్తుంది. అడవిలోంచి వచ్చిన ట్రాకరు ఆ కిటికీ దగ్గర ఆగుతాడు. లోపలినుంచి ఒక చెయ్యి బయటికొస్తుంది, ఇతని చెయ్యి జేబులోకి పోతుంది, కార్డు చేతులు మారుతుంది. పదకొండేళ్లుగా నెలనెలా జరుగుతున్న పని. కార్డు ఆఫీసుది, అందులో బొమ్మలు ఆఫీసువి, వాటిని చూసే గదిలోకి ట్రాకరు అడుగు పెట్టకూడదు. తీసుకురావడమే వాడి వంతు, ఉంచుకోవడం వాడి వంతు కాదు. కిటికీలోంచి బీట్ ఆఫీసరు చెయ్యి చాపాడు. నత్త ఇచ్చేశాడు.

నాలుగడుగులు నడిచాక చెల్లెలు అతని భుజం పట్టుకుని ఆపింది.

"అన్నా, ఏం చేశావ్?"

"ఆఫీసుది కదమ్మా. వాళ్లు చూస్తే తెలుస్తుంది కదా..." అంటూనే అతని మాట ఆగిపోయింది. వెనక్కి పరిగెత్తాడు. కిటికీ మూసేసి ఉంది.

సాయంకాలానికి కబురొచ్చింది. కార్డులో దుప్పులున్నాయి, ఎలుగుబంటి ఉంది, మనిషి ఫొటో ఏదీ లేదు. నత్త వంటశాల గట్టు మీద కూర్చుని తల ఎత్తలేదు. తిట్టిన ప్రతి మాటా పడ్డాడు. చెల్లెలు ఒక్కతే అతని ముందు టీ గ్లాసు పెట్టి వెళ్లింది. అదే అతనికి అన్నిటికంటే కష్టంగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళకి కంప్యూటరమ్మాయి వచ్చింది. మెడలో కాంట్రాక్టు ఉద్యోగుల పసుపు కార్డు వేలాడుతోంది. ఆమెని చూసి జనం లేచి నిలబడ్డారు. చెల్లెలి ఎదురుగా నేల మీద కూలబడి, కళ్లలోకి చూస్తూ చెప్పింది.

"ఉందక్కా. మొదటి ఫొటో ఆయనదే. ఆరూ నలభైకి. నాలుక బయటపెట్టి ఉన్నాడు. రేంజరు నా కుర్చీ వెనకే నిలబడి తీసెయ్యమన్నాడు. నేను తీసేశా. నా చేత్తోనే తీసేశా."

గుంపులో ఎవరో బూతు మాట అన్నారు. ఇంకొకడు చెయ్యెత్తి ముందుకొచ్చాడు. వంటక్క అడ్డం నిలబడి వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి తోసింది. ఆ పిల్ల ఉద్యోగం కూడా మన ఉద్యోగం లాంటిదే, రేపు రావొద్దంటే రాకూడదు, తప్పు చేసి కూడా మొహం చూపించడానికి వచ్చిన మనిషి మీద చెయ్యెత్తితే ఇక రేంజరు మీద ఎత్తడానికి నీ దగ్గర ఏం మిగులుతుంది అని నిలదీసింది. వాడు చెయ్యి దించాడు.

"ఆరూ నలభై" అంది చెల్లెలు. ఆ టైముని ఆమె రెండుమూడుసార్లు తనలో తనే అనుకుంది. "నవ్వుతున్నాడా?"

అమ్మాయి తల ఊపి వెక్కివెక్కి ఏడ్చింది. చెల్లెలు కూడా అప్పుడే, రెండు రోజుల తర్వాత, గొంతు విప్పి ఏడ్చింది. చుట్టూ ఉన్న మగవాళ్లు ఎటు చూడాలో తెలియక నిలబడ్డారు.

ఆ ఏడుపు ఇంకా సద్దుమణగక ముందే పోలీసు జీపు వచ్చి వీధి మొదట్లో ఆగింది. హెడ్ కానిస్టేబులు నత్త కోసం అడిగాడు. రేంజరు ఫిర్యాదు ఇచ్చాడు. రాతపూర్వకమైన అనుమతి లేకుండా రక్షిత అడవిలోకి చొరబడ్డాడు, ప్రభుత్వ కెమెరా తెరిచాడు. సాక్ష్యం ఉందా అంటే, కార్డు తీసుకొచ్చి అతనే కదా కిటికీలో ఇచ్చాడు. నత్త నిజాయితీ ఆ విధంగా నత్త మెడకే చుట్టుకుంది.

అరుపులు లేచాయి. కొందరు రాళ్ల కోసం వంగారు. రేంజరు బంగళా తగలబెడదామన్నాడు ఒక కుర్ర ట్రాకరు. వాడి మాటకి ఊగిపోయినవాళ్లు తక్కువమందేం కాదు. ముసలి ట్రాకరు రెండు చేతులూ చాచి వాళ్లని ఆపలేక అల్లాడిపోయాడు. జీపు దగ్గర కానిస్టేబుళ్లు లాఠీలు తీశారు. ఒక్క రాయి లేచి ఉంటే ఆ రోజు కథ వేరేగా ఉండేది, రేంజరుకి కావలసినట్టుగా ఉండేది.

నత్త జీపు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగాడు. తల ఒక పక్కకి వంచాడు. అతను ఏదో జాడ చూస్తున్నాడని తోటివాళ్లకి అర్థమైంది. గొడవ కాస్త తగ్గింది.

"నా నేరం ఏంటన్నారు?" అని హెడ్డుని అడిగాడు.

"చెప్పాను కదయ్యా. అనుమతి కాగితం లేకుండా లోపలికెళ్లావు."

"పదకొండేళ్ల నుంచీ వెళ్తున్నాను. ఒక్కరోజు కూడా కాగితం లేదు." నత్త గుంపు వైపు తిరిగాడు. "మీలో ఎవరికన్నా ఉందా?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరి దగ్గరా కాగితం లేదు. పేరు పుస్తకంలో నెలాఖరున పెన్సిలుతో ఎక్కుతుంది, అవసరమైతే చెరిగిపోతుంది. ఆ పెన్సిలు గీత తప్ప ఆఫీసుకీ వాళ్లకీ మధ్య ఏ ముడీ లేదు. ఆ సంగతి అందరికీ ఎప్పటినుంచో తెలుసు. ఎవరికి వాళ్లే తెలుసుకుని ఎవరికి వాళ్లే సిగ్గుపడ్డారు. అది సిగ్గుపడవలసినది కాదని, గట్టిగా చెప్పవలసినదని ఆ క్షణంలో తెలిసింది.

ముసలి ట్రాకరు అందరికంటే ముందు అందుకున్నాడు. "నేను ముప్పయ్యేళ్ల నుంచి దొంగతనంగా వెళ్తున్నాను. నన్నూ ఎక్కించుకోండి" అన్నాడు.

హెడ్ కానిస్టేబులు నవ్వబోయి ఆగిపోయాడు. ఆయన వెనక ఇంకొకడు నిలబడ్డాడు. వాడి వెనక ఇంకొకడు. బంగళా తగలబెడదామన్న కుర్ర ట్రాకరు చేతిలోని రాయి కింద వదిలేసి వరసలోకి వచ్చాడు. జీపులో అంతమంది పట్టరు. పట్టకపోతే నడిచే వస్తామన్నారు. నత్తని ఎక్కించుకుని జీపు కదిలింది, నడక కంటే వేగంగా వెళ్లడానికి ముందున్నవాళ్లు దారివ్వలేదు. నలభై ఒక్కమంది ట్రాకర్లు, వంటక్క, చెల్లెలు, పసుపు కార్డు మెడలోనే ఉన్న కంప్యూటరమ్మాయి, ఇళ్లలో ఉన్న ఆడవాళ్లు, ముసలాళ్లు అందరూ నాలుగు మైళ్లు రోడ్డు నిండా నడిచారు. హారన్ తన జీపు పక్కకి తీసి ఆపి, వాళ్లు వెళ్లిపోయేదాకా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ అతన్ని పిలవలేదు, తిట్టలేదు.

స్టేషన్ వరండా నిండిపోయింది. ముందున్న ఖాళీ స్థలం నిండింది. నత్తని బెంచీ మీద కూర్చోబెట్టారు. రైటరు తెల్ల కాగితాలు ముందు పెట్టుకుని, ఇంతమంది పేర్లు ఎలా రాస్తానండీ అని ఇన్‌స్పెక్టరు గదిలోకి వెళ్లడం, బయటికి రావడం, మళ్లీ వెళ్లడం. నేరం ఒప్పుకోవద్దని జనాన్ని బతిమాలవలసిన రోజు వస్తుందని ఆ ఇన్‌స్పెక్టరు ఏ శిక్షణలోనూ చదువుకోలేదు. ఇళ్లకి పొమ్మన్నాడు. మేం పోం అన్నారు. తప్పు ఒకడు చేసినా నలభై ఇద్దరు చేసినా తప్పే కదా, ఒక్కడినే ఎందుకు పట్టుకున్నారు, మిగతావాళ్లని ఎందుకు వదులుతున్నారు, రాసుకోండి అన్నారు. ఎండ పడమటికి వాలింది. మంచినీళ్లు అయిపోయాయి. పక్కనున్న సైకిల్ రిపేరు షాపువాళ్లు బిందెలతో తెచ్చి పోశారు. బడి వదిలాక పెద్ద క్లాసుల విద్యార్థులు ఏం జరుగుతోందని ఆగి, విని, వెళ్లకుండా అక్కడే కూర్చున్నారు.

అయిదింటికి రేంజరు కారు వచ్చింది. అతను ఊరికే రాలేదు. మర్నాటినుంచి నాలుగేళ్లకోసారి జరిగే పులుల లెక్కింపు మొదలు. రాజధాని నుంచి పెద్దలు అప్పటికే అతిథిగృహంలో దిగారు. ప్రతి బాటలోనూ జంటలుగా నడవవలసినవాళ్లంతా ఇక్కడ పోలీస్ స్టేషన్లో నేరం ఒప్పుకుంటూ కూర్చున్నారు. రేంజరు మొహం మూడు రోజుల కిందటిలా లేదు. నేరుగా చెల్లెలి దగ్గరికి వచ్చి, అమ్మా అని పిలిచి, ఒక కాగితం చేతికిచ్చాడు. సంతకం, ముద్ర ఉన్నాయి. మీ ఆయన పేరు మీద మచ్చ తీసేశాను, మీ అన్నయ్య మీద కేసు కూడా వెనక్కి తీసుకుంటాను, పొద్దున్నే అందరూ పనిలోకి రావాలి అన్నాడు.

నత్త బెంచీ మీంచి లేచి వచ్చాడు. ఇదే కదా వాళ్లు అడిగింది. బావ దొంగ కాదు, పనిలో చచ్చిపోయాడు. "తీసుకోమ్మా" అన్నాడు చెల్లెలితో. "బావ కోసం తీసుకో."

చెల్లెలు కాగితాన్ని కంప్యూటరమ్మాయికి ఇచ్చి పైకి చదవమంది. అమ్మాయి చదివింది. మానవతా దృష్టితో, మృతుడు ఆ ఒక్క రోజుకి తాత్కాలికంగా విధుల్లో ఉన్నట్టు పరిగణించడమైనది. అడవిలో తిరిగే ఇతరులెవరితోనూ శాఖకి ఎలాంటి సంబంధమూ లేదు.

"చివరిది మళ్లీ చదువు" అంది చెల్లెలు. అమ్మాయి మళ్లీ చదివింది. ఈసారి వరండా చివర ఉన్నవాళ్లకి కూడా వినపడేలా చదివింది.

నత్తకి మెల్లగా అర్థమైంది. ముందు చూడవలసిన మనిషి ముందే చూసింది. తను ఇంకా నేల వైపే చూస్తున్నాడు.

"ఇది తీసుకుంటే మా ఆయన ఒక్కడే పనివాడు, అది కూడా ఒక్కరోజుకి" అంది చెల్లెలు రేంజరుతో. "రేపు మళ్లీ ఎవరో ఒకరు ఒక్కడే లోపలికెళ్తాడు. వాడు చచ్చిపోతే వాడి పెళ్లానికి కూడా ఇలాంటి కాగితం ఒకటి రాసిస్తారు. అందరి పేర్లూ రాసి తీసుకురండి సార్. పనివాళ్లని రాయండి, ఇద్దరిద్దరే వెళ్లాలని రాయండి. అప్పుడు తీసుకుంటాను."

రేంజరుకి కోపం నషాళానికంటింది. మీరు కాకపోతే మనుషులే దొరకరా, పక్క ఊళ్ల నుంచి రేపు పొద్దున్నే వందమందిని జీపుల్లో తెప్పిస్తాను అన్నాడు. అప్పుడు స్టేషన్ గేటు దగ్గర గుంపు కదిలి దారిచ్చింది. హారన్ లోపలికొచ్చాడు. అతని వెనక మిగతా ఐదుగురు డ్రైవర్లు ఉన్నారు. హారన్ మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"తోలేవాళ్లు లేరు సార్. మేం కూడా ఒప్పుకోవడానికే వచ్చాం. వీళ్లని ఇన్నేళ్లుగా లోపల దింపింది మేమే." ఆ మాట అని అతను చెల్లెలి ముందు ఒక్క క్షణం ఆగాడు. "మొన్న నేనన్నది మనసులో పెట్టుకోకమ్మా" అన్నాడు.

రేంజరు ఫోను మోగింది. అతిథిగృహం నుంచి. తియ్యలేదు. మళ్లీ మోగింది.

రైటరు విసిగిపోయి కలం తీశాడు. ఇక తప్పదనుకున్నాడు కాబోలు, కాగితం మీద గీతలు గీసి, మొదటి పేరు ఎవరిదని అడిగాడు. నత్త ముందుకు జరిగాడు. చెల్లెలు అతన్ని పక్కకి జరిపి బల్ల ముందు నిలబడింది. ముందు మా ఆయన పేరు రాయండి, ఇందరిలో మొదట లోపలికెళ్లి పట్టుబడింది ఆయనే అంది. చనిపోయినవాళ్ల మీద కేసు ఉండదమ్మా అన్నాడు రైటరు. ఉంది కదా, మొన్నే రేంజరు గారు పెట్టారు కదా అంది ఆమె. రైటరు ఇన్‌స్పెక్టరు గది వైపు చూశాడు. తలుపు మూసే ఉంది. ఆమె చెప్పిన పేరు రాశాడు. ఆమె పేరు రాశాడు. నత్త పేరు, ముసలి ట్రాకరు పేరు, వంటక్క పేరు, కంప్యూటరమ్మాయి పేరు రాశాడు. వెనక వరస గేటు దాటి రోడ్డు మీదికి ఉంది. పేర్ల పక్కన ఖాళీగా ఉన్న గడి దగ్గర అతని కలం ఆగింది.

"అందరిదీ ఒకటే కదా, కలిపి రాసేస్తాను. నేరం ఏమని రాయమంటావమ్మా?"

"పని చేశారని రాయండి" అంది చెల్లెలు.